తొంభై శాతం... దేంట్ల సార్?

(నాచారం శ్రమజీవి ప్రాథమికోన్నత పాఠశాలలో, 2014 ఏప్రిల్‌లో జరిగిన పదవీ విరమణ సభలో తెలుగు పండితులు త్రిమూర్తులు గారు చేసిన ప్రసంగం)

సభాధ్యక్షురాలు, మన ప్రధానోపాధ్యాయిని తారామణి గారికి, హబ్సిగూడ దగ్గర మెట్రో స్తంభాల మధ్య అంతసేపు ఇరుక్కుని కూడా చిరునవ్వు చెరగకుండా వచ్చిన ముఖ్య అతిథి, మన బడిని నడిపే శ్రమజీవి విద్యా సమితి కార్యదర్శి చిదంబరం గారికి, తోటి ఉపాధ్యాయులకు, షిఫ్టు మార్చుకుని మరీ వచ్చిన తల్లిదండ్రులకు, నేనింకా నోరు తెరవకముందే ముందు వరసలోంచి నాకు గడియారం చూపిస్తున్న నా భార్య కామాక్షికి (నవ్వులు), నా పిల్లలందరికీ, ఇందాకటి నుంచి బయట వరండాలో బడిగంట కింద నిలబడి ఉన్న ఏడో తరగతి మానసకి కూడా నమస్కారం.

అమ్మా మానసా, వినపడుతోందా? వినపడుతుందిలే. మన పాత విద్యార్థి ఉపేందర్ ఉప్పల్ చౌరస్తాలో మైకుసెట్ల కొట్టు పెట్టాక మన బడిలో చిన్న సభ జరిగినా రామంతాపూర్ దాకా వినిపిస్తోంది. అక్కడే నిలబడి విను. నీ సంగతి చివర్లో మాట్లాడతాను. చివర్లో ఏం మాట్లాడాలో ఇప్పటికి నాకు తెలియదు, అది వేరే విషయం.

నిజం చెప్పాలంటే ఇవాళ పొద్దుట్నుంచీ నాకంతా అయోమయంగా ఉంది. గేటులో అడుగు పెట్టగానే ఫ్లెక్సీ కనిపించింది. దాని మీద నా ఫొటో, కింద ఎర్రక్షరాలతో 'ప్రముఖ గణితోపాధ్యాయులు త్రిమూర్తులు గారికి ఘన సన్మానం' అని ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేసి, త్రిమూర్తులనే లెక్కల మాస్టారు ఇంకెవరైనా ఉన్నారేమో, వారి సభకి పొరపాటున నా ఫొటో వేశారేమో అని కాసేపు ఆలోచించాను. నేను తెలుగు పండితుణ్ణి కదండీ! ఏమిరా ఉపేందర్, ఇదేమిటిరా అంటే వాడు తాళ్ళు కడుతూ కడుతూ, "మాకు మీరు లెక్కల సారే గద సార్! తెలుగు ఎప్పుడు జెప్పిన్రు మాకు?" అన్నాడు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ నాకా మాట ఎక్కడో గుచ్చుకుంది. వాడన్నది అబద్ధం కాదు మరి.

కొత్తవాళ్ళ కోసం చెబుతాను. ఈ బడిలో లెక్కల మాస్టారు గోపాలరావు గారని ఉండేవారు. ఆయన 2001లో రిటైరయ్యారు. అప్పటి హెడ్మాస్టరు నన్ను పిలిచి, పండితులు గారూ, కొత్తవాళ్ళు వచ్చేదాకా ఒక్క వారం ఆరూ ఏడూ తరగతుల లెక్కలు మీరు సర్దండి, ఏముంది, నిష్పత్తులూ శాతాలూ, పిల్లల చేత అభ్యాసాలు చేయించటమే కదా అన్నారు. సరేనన్నాను. ఆ వారం ఇవాళ్టితో పూర్తయింది. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు అక్కర్లేదండీ, అది గొప్ప కాదు. నేను ఎస్సెల్సీలో లెక్కలు ఎలా గట్టెక్కానో నాకూ దేవుడికీ తప్ప తెలియదు. అలాంటివాడి చేతికి సుద్దముక్క ఇచ్చి 'నిష్పత్తి' చెప్పమంటే ఏం చేస్తాడు? తెలిసినదే చేస్తాడు. నేను సూత్రాలన్నీ పద్యాల్లాగా పిల్లల చేత రాగం తీయించి కంఠస్థం పట్టించాను. మూణ్ణెల్లు తిరిగేసరికి మా ఏడో తరగతి శాతం సూత్రాన్ని ఎంత శ్రావ్యంగా పాడేదంటే పక్క గదిలో సాంఘికశాస్త్రం ఆగిపోయేది. క్వార్టర్లీ పరీక్షలో మాత్రం ఒక్క లెక్క కూడా సరిగ్గా రాలేదు.

ఆటల పోటీల రోజు షర్బత్ కలపటం మా తరగతికి అప్పగించారు. తారామణి గారికి గుర్తుండే ఉంటుంది, అప్పుడావిడ కొత్తగా చేరారు. సీసా మీద ఒకటికి నాలుగు కలపాలని రాసి ఉంది. నేను ఒకటికి నాలుగంటే నాలుగింటిలో ఒకటే కదరా అని ఒక గ్లాసు షర్బత్‌కి మూడు గ్లాసుల నీళ్ళు పోయించాను. తారామణి గారు ఒక గుక్క తాగి ఒక కన్ను మూసుకున్నారు. (నవ్వులు) ఇంకా రెండు తరగతులు వరసలో ఉండగానే సీసాలు ఖాళీ అయిపోయాయి. ఎందుకు చాలలేదో మర్నాడు క్లాసులో కూర్చుని ఆరా తీస్తే తేలింది, ఒకటికి నాలుగంటే మొత్తం అయిదు. ఆ అయిదు సీసా మీద ఎక్కడా రాసి ఉండదు, మనమే కలుపుకోవాలి. నిష్పత్తిలో నాకు అర్థమైన మొదటి సంగతి అదే, అదీ దాహంతో నిలబడ్డ పిల్లల పుణ్యమా అని.

ఇక శాతాల కథ మీలో చాలామందికి తెలుసు. అయినా చెబుతాను, నా సభ కాబట్టి. పాఠ్యపుస్తకంలో ఒక లెక్క ఉంది. వంద రూపాయల వస్తువు ధర ఇరవై శాతం పెరిగింది, తర్వాత ఇరవై శాతం తగ్గింది, ఇప్పుడు ధరెంత? ఏముంది, ఎంత ఎక్కిందో అంత దిగింది, వందే అని బోర్డు మీద రాశాను. పుస్తకం చివర జవాబుల్లో తొంభై ఆరు అని ఉంది. నేను జీవితమంతా అచ్చుతప్పులు దిద్దిన మనిషిని. పండితుడికి పుస్తకంలో తేడా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అయ్యో, ప్రభుత్వం వారి పుస్తకంలో ఇంత అచ్చుతప్పా అని నొచ్చుకుని, ఎర్రసిరా పెన్ను తీసి క్లాసులో ఉన్న పుస్తకాలన్నిట్లోనూ తొంభై ఆరు కొట్టేసి వంద అని నా దస్తూరీతో దిద్దాను. (పెద్దగా నవ్వులు) ఇంకా ఉందండీ. ఎదురింటి అబ్బాయి వేరే బళ్ళో చదువుతుంటే వాడి పుస్తకం కూడా అడిగి తీసుకుని దిద్దాను.

పిల్లలకి నమ్మకం కలగాలని మర్నాడు తరగతిని రెండు గుంపులు చేసి, ఒక్కో గుంపు ముందు బల్ల మీద వంద చింతగింజలు పోయించాను. ఇరవై కలిపించాను. నూట ఇరవై అయ్యాయి. ఇప్పుడు ఇరవై శాతం తీసెయ్యండర్రా అన్నాను. సగం మంది ఇరవై గింజలు తీశారు. మిగతా సగం మంది ఇరవై నాలుగు తీశారు. నేను రెండు గుంపుల మధ్యా నిలబడి బుర్ర గోక్కున్నాను. ఎవరిది తప్పో తెలియదు. తెలిసినట్టు నటించటానికి కూడా నాకు దారి దొరకలేదు. చివరికి తీసిన గింజలు మళ్ళీ కుప్పల్లో పోయించి, ఇరవై తీసినవాళ్ళ వైపు తిరిగి, ఇది దేనిలో ఇరవై శాతమర్రా అని అడిగాను. "మొదటి వందల సార్" అన్నారు. ఆ వంద ఇప్పుడు ఎక్కడుందిరా అన్నాను. అందరూ బల్ల మీద వెతికారు. అక్కడ నూట ఇరవై ఉన్నాయి గానీ వంద లేదు. ఇరవై అనే మాట మారలేదు, కిందున్న కుప్ప మారిపోయింది. నూట ఇరవైలో ఇరవై శాతం, ఇరవై నాలుగు తీస్తే మిగిలిన గింజలు తొంభై ఆరు.

ఆ రోజు మా తరగతిలో ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరైనా సరే 'శాతం' అన్నారంటే, దేనిలోనో కూడా చెప్పాలి. మరిచిపోతే తరగతంతా అడగాలి. చెప్పేదాకా ఆ మనిషి కూర్చోకూడదు, సారైనా సరే. నేను 'దేనిలో' అని నేర్పాను, మా పిల్లలు దాన్ని 'దేంట్ల' చేసుకున్నారు. అప్పట్నుంచీ ప్రతి ఏడాదీ కొత్త పిల్లలకి పాత పిల్లలే ఈ నియమం అప్పగించి వెళుతున్నారు. నేను పాఠం మధ్యలో మరిచిపోయి ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు. ఇంట్లో కూడా సుఖం లేదు. ఉప్పల్లో బట్టల కొట్టు మీద 'యాభై శాతం తగ్గింపు' అని చూసి కామాక్షి మురిసిపోతూ లోపలికి వెళితే, నేను వెనకాలే వెళ్ళి దేనిలో యాభై అండీ, ఏ ధర మీద అని అడిగి, ఆ కొట్టువాడి చేత మేమిద్దరం బయటికి పంపించబడ్డాం. కామాక్షీ, ఆ చీర విషయంలో నా మీద కోపం ఇంకా ఉందా? (నవ్వులు) ఉందట.

ఇప్పుడు పేపరు తెరిస్తే చాలు, అన్నీ నిష్పత్తులే. ఇంకో నెలన్నరలో రాష్ట్రం రెండవుతోంది, ఏది ఎవరికి ఎంత అని పంపకాలు జరుగుతున్నాయి. మా గోదావరి వైపు చుట్టాలు, ఎప్పుడు వచ్చేస్తున్నావురా అని ఫోన్లు చేస్తున్నారు. ఇక్కడ మా వీధివాళ్ళేమో "ఏడికి పోతరు సార్, ఈడనే ఉండుండ్రి, మీకేం ఫికర్" అంటున్నారు. ముప్ఫై ఏళ్ళ క్రితం ట్రంకు పెట్టెతో దిగినవాణ్ణి. నేను ఏ భాగంలోకి వస్తానో, నన్ను ఏ నిష్పత్తిలో పంచాలో నాకే తెలియటం లేదు. అదలా ఉంచుదాం.

ఇక ఇందాక జరిగింది. అందరూ చూశారు, అయినా వెనకాల ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఏమైందేమైందని గుసగుసలాడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. చిదంబరం గారు నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, అవన్నీ నావేనా అని నేను ఆశ్చర్యపోతూ ఉండగానే, సమితి పనుల గురించి చెబుతూ, "ఈ ఏడాది మన బళ్ళల్లో టీచర్ ఖాళీలు తొంభై శాతం నింపేశాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మానస లేచి నిలబడింది. భయం లేదు, పొగరు లేదు, క్లాసులో ఎలా అడుగుతుందో అలాగే, "తొంభై శాతమంటే దేంట్ల సార్?" అని అడిగింది.

చిదంబరం గారు కాగితం తిరగేశారు. తారామణి గారు, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఏమిటా ప్రశ్నలు అని పిల్లని బయటికి పంపేశారు. పిల్ల బయటికి పోతూ తారామణి గారి వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను శాలువా సర్దుకుంటున్నాను.

తర్వాత నన్ను మైకు దగ్గరికి పిలిచేముందు తారామణి గారు నా చెవిలో ఒక మాట చెప్పారు. ఇది సభలో చెప్పటం మర్యాద కాదేమో, కానీ నాకు కడుపులో దాచుకోవటం చేతకాదు. "త్రిమూర్తులు గారూ, ఆ పిల్ల తరఫున మైకులో ఒక్క ముక్క క్షమించమనండి, ఇంతటితో వదిలేద్దాం. లేకపోతే సోమవారం వాళ్ళమ్మని పిలిపించి చెప్పించాల్సి వస్తుంది" అన్నారు. మానస వాళ్ళమ్మ సారలమ్మ మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తుంది. ఈ సభకి రాలేకపోయింది. ఒక పూట పనికి పోకపోతే ఆ రోజు కూలి పోతుంది, రెండుసార్లయితే పనే పోతుంది. నేను ఒక్క ముక్క అంటే ఆవిడకి ఆ బాధ తప్పుతుంది, పిల్ల లోపలికొచ్చి లడ్డూ తింటుంది. ఎంతసేపండీ, 'పిల్లని క్షమించండి సార్', మూడు మాటలు. నా జీవితంలో ఎన్ని సభల్లో ఎంతమందికి క్షమించమని చెప్పలేదు?

కానీ నోరు రావటం లేదు. ఇందాకటి నుంచీ ఈ షర్బత్ కథలూ చీరల కథలూ మీకు ఎందుకు చెబుతున్నాననుకున్నారు? ఆ మూడు మాటలూ వస్తాయేమోనని చూస్తున్నాను.

క్షమించమంటే ఆ పిల్ల చేసింది తప్పని అర్థం. అది తప్పయితే నేను నేర్పిందే తప్పు; ఇన్నేళ్ళలో సొంతంగా నేర్పింది ఆ ఒక్కటే, మిగతావన్నీ పుస్తకంలో ఉన్నాయి. పోనీ తప్పు కాదు అందామంటే, చిదంబరం గారు మన అతిథి, పెద్దవారు, ఎండలో వచ్చారు. తారామణి గారి భయం కూడా నాకు తెలుసు. పిల్లలు తక్కువయ్యారని ఆరూ ఏడూ తరగతులు ఎత్తేస్తారేమోనని ఆవిడకి నిద్ర పట్టటం లేదు, సమితికి కోపం తెప్పించే ధైర్యం ఆవిడ ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు? అందరూ నాకు కావలసినవాళ్ళే. నేను మళ్ళీ ఆ రెండు గుంపుల మధ్యా చింతగింజల ముందు నిలబడ్డట్టుంది. అప్పుడేం చేశాను? తెలియక అడిగాను. ఇప్పుడూ అదే చేస్తాను, నాకు వేరే విద్య రాదు.

చిదంబరం గారూ, ఏమీ అనుకోకండి, వెటకారం కాదు, నాకు నిజంగానే తెలియదు. ఆ తొంభై శాతం దేనిలోనండీ?

(చిదంబరం గారు కుర్చీలోంచే, "ఈ ఏడాది పది పోస్టులు నింపాలని తీర్మానించాం, తొమ్మిది నింపాం" అన్నారు.)

సంతోషమండీ. పదిలో తొమ్మిది, తొంభై శాతం, లెక్క సరిగ్గా ఉంది. మరి అన్ని బళ్ళల్లోనూ కలిపి మొత్తం ఖాళీలెన్ని?

(చిదంబరం గారు కాగితం చూసి, "ఇరవై" అన్నారు.)

పిల్లలూ, ఇరవైలో తొమ్మిది?

(పిల్లలు: "నలభై అయిదు శాతం సార్!")

దేంట్లో?

(పిల్లలు: "అన్ని ఖాళీలల్ల సార్!")

కూర్చోండి. చూశారా, ఇక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. తొంభై నిజమే, నలభై అయిదూ నిజమే. కుప్ప మారింది, అంతే. చిదంబరం గారూ, ఇంకొక్కటి అడిగి ఊరుకుంటాను. ఈ బడి లెక్కల పోస్టు మీరు తీర్మానించిన ఆ పదిలో ఉందాండీ?

(చిదంబరం గారు తల అడ్డంగా ఊపారు.)

లేదు. అదేనండీ. మానస అడిగింది కూడా అదే, నాకంటే తక్కువ మాటల్లో. నేను వెళ్ళిపోయాక కింది తరగతిలో ఉన్న తన తమ్ముడికీ, వాడి వెనకాల వచ్చేవాళ్ళకీ లెక్కలు చెప్పేవాళ్ళు వస్తారా రారా అని. పిల్ల మర్యాద తప్పలేదు, సార్ అనే అంది. తారామణి గారూ, నన్ను క్షమించండి, మీరడిగిన ఆ మూడు మాటలూ నేను చెప్పలేను. ఆ అమ్మాయి తరఫున క్షమాపణ చెప్పటానికి నాకు తప్పేమీ కనిపించటం లేదు. సోమవారం సారలమ్మ బదులు నేనొస్తాను, నన్ను తిట్టండి.

(తారామణి గారు లేచి వరండాలోకి వెళ్ళారు. మానస చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి ముందు వరసలో కామాక్షి గారి పక్కన కూర్చోబెట్టారు. చప్పట్లు.)

సంతోషం తల్లీ. మీ ఇద్దరికీ దణ్ణం. నేనిక్కడ ఏడిస్తే బాగుండదు, ఫ్లెక్సీ మీద ప్రముఖ అని రాసి ఉంది.

ఇక ముగిస్తాను. నాకొక దిగులుందండీ, చెప్పేసి వెళతాను. నేను పద్యం చెప్పటానికి ఈ ఉద్యోగంలో చేరాను. గొంతెత్తి పద్యం చదివితే పిల్లల మొహాలు ఎలా విప్పారతాయో నాకు తెలుసు, ఆ సుఖం కోసం చేరాను. నా తెలుగు పీరియడ్లన్నీ ఈ శాతాలు తినేశాయి. రాత్రి పడుకోబోతే, నేను చెప్పాలనుకున్నది చెప్పలేదు, చెప్పింది నాకు రాదు, మరి నేను చేసిందేమిటి అని తికమకపడుతూ ఉంటాను. మీరంతా ఇన్ని దండలు వేసినా అది తీరలేదు. అయినా సరే, ఈ బడికీ, ఈ నాచారానికీ, లెక్కలు రాని మాస్టారిని భరించిన తల్లిదండ్రులకీ, తన కుర్చీలో ఇబ్బంది పడుతూ కూడా నిజం చెప్పిన చిదంబరం గారికీ, తారామణి గారికీ, ఉపేందర్‌కీ, కామాక్షికీ చేతులెత్తి నమస్కరిస్తూ, నూటికి నూరు శాతం తృప్తితో మీ అందరి దగ్గరా...

(మానస లేచి నిలబడింది: "దేంట్ల సార్?")

(వెంటనే పిల్లలందరూ లేచి: "దేంట్ల సార్?")

అడిగారూ! తారామణి గారూ, వాళ్ళని ఏమీ అనకండి, తప్పు నాదే, మరిచిపోయాను.

దేంట్లో నూరు... చెప్పిన దాంట్లోనా, చెప్పలేకపోయిన దాంట్లోనా? మీరు నేర్చుకున్న దాంట్లోనా, నేను మీ దగ్గర నేర్చుకున్న దాంట్లోనా? ఏ కుప్ప మీద చూడాలర్రా నేను?

తెలియదమ్మా మానసా. నిజంగా తెలియదు. చెప్పేదాకా కూర్చోకూడదని నియమం పెట్టింది నేనే కదా. మీరు కూర్చోండి. నేను కూర్చోను. ఉపేందర్, సన్మానానికని నాకు వేసిన ఆ సింహాసనం కుర్చీ తీసెయ్యి నాయనా. ఇలా నిలబడే మీ దగ్గర సెలవు తీసుకుంటున్నాను.